దిగడం నేర్చుకున్న ఒళ్ళు

మణిమాల ఒళ్ళు పెరగడం మానేసి ఏడాది దాటింది.

చూసేవాళ్ళకి ఆ సంగతి తెలియదు. కంచరపాలెం మెట్ట దిగి ఆమె జిమ్ముకి నడుస్తుంటే ఇప్పటికీ ఆటోవాళ్ళు తల తిప్పి చూసేవారు. జాకెట్టు చేతుల్లో పట్టని జబ్బలు, బస్సులో పక్క సీటు సగం ఆక్రమించే భుజాలు. కానీ అద్దం ముందు నిలబడితే ఆమెకి తెలిసిపోయేది. మొదట్లో ఒళ్ళు దేనికైనా పలికేది. కొత్త బరువు ఎత్తితే కండ చిట్లేది, నిద్రలో అతుక్కునేది, అతుక్కునేటప్పుడు మునుపటికంటే కాస్త లావయ్యేది. తర్వాత్తర్వాత ఒంటికి అంతా అలవాటైపోయింది. బరువులు మార్చింది, ప్రోటీన్ పౌడరు మార్చింది, క్రియాటిన్ మార్చింది. ఏది మార్చినా ఒళ్ళు రెండు వారాల్లో దాన్ని కనిపెట్టేసి, తెలిసిన చుట్టాన్ని చూసినట్టు చూసి ఊరుకునేది. రాష్ట్ర బాడీబిల్డింగ్ పోటీల్లో మళ్ళీ రెండో స్థానమే వచ్చింది. వేదిక దిగుతుంటే ఒక జడ్జి, "పోయినసారి ఎలా ఉన్నావో అలాగే ఉన్నావమ్మా" అన్నాడు. ఆయన మెచ్చుకోలుగానే అన్నాడు. మణిమాలకి మాత్రం ఆ మాట నెలల తరబడి గుచ్చుకుంది.

ఆమె భర్త సన్యాసిరావు హార్బర్లో క్రేన్ ఆపరేటరు. మెత్తని మనిషి. అత్త అసిరమ్మ మాత్రం మొదట్లో గట్టిగా అడ్డుపడింది. కోడలు అంత చిన్న బట్టలతో జనం ముందు నిలబడడమేమిటని అన్నం మానేసింది. చివరికి ఒకసారి పోటీ చూడడానికి వచ్చి, చప్పట్లు విని, మర్నాటి నుంచి ఎవరేమన్నా, "మీ కోడళ్ళు ఇరుగు పొరుగు మీద నోరు సూపిత్తారు, నా కోడలు కండ సూపిత్తాది" అనడం మొదలుపెట్టింది.

కొత్త మందు కబురు తెచ్చింది తాతారావు. మణిమాల ఆడవాళ్ళకి శిక్షణ ఇచ్చే జిమ్ము అతనిదే. ఆమెకి బార్‌బెల్ పట్టుకోవడం నేర్పింది కూడా అతనే. ఒకప్పుడు ఊరి తిరనాళ్ళలో గుండె మీద బండ పెట్టి సమ్మెటతో పగలగొట్టించుకున్న మనిషి.

"భీమిలి రోడ్డులో ఊర్ధ్వ అని లేబొరేటరీ ఉంది. మనలాంటోళ్ళ కోసం ఏదో కనిపెట్టినార్ట. పరీక్షకి మనుషులు కావాలంతన్నారు. ఎల్దామా?"

"సూదులేటి?"

"సూదులు కాదే. మజ్జిగలాటిది తాగడం. ఒక్కసారి తాగితే సాలంట."

ఊర్ధ్వలో ఆ మందు కనిపెట్టిన శాస్త్రవేత్త డాక్టర్ నిరుపమ వాళ్ళిద్దరినీ ముందుగా బల్ల మీద బిగించిన ఒక భూతద్దం దగ్గరికి తీసుకెళ్ళింది. గాజుపలకలో సన్నని ఎర్రటి పోగు ఒకటి, దానికి వేలాడుతూ ఆవగింజంత బరువు. నిరుపమ చిమటాతో మరో బరువు తగిలించింది. పోగు సాగి, వణికి, నిలదొక్కుకుంది.

"ఇది ఎలుక కండ. నిన్న ఇందులో సగం బరువుకే తెగేలా ఉండేది" అంది నిరుపమ. "కండకి ఒక బ్రేకు ఉంటుంది. పెద్ద కండని పోషించడం ఒంటికి భారం కాబట్టి, కొంతవరకు పెరగ్గానే ఒళ్ళే ఆ బ్రేకు వేసేస్తుంది. మీరు ఎన్ని పౌడర్లు తాగినా కదలకపోవడానికి కారణం అదే. నేను పెంచిన ఈస్టు అనే సూక్ష్మజీవి మీ పేగుల్లో కాపురం పెడుతుంది. మీరు బరువెత్తినప్పుడల్లా పసిగట్టి ఆ బ్రేకుని కొంచెం వదులు చేస్తుంది."

"కూకుంటే పెరగదన్నమాట" అంది మణిమాల.

"కూర్చుంటే పెరగదు. మీరు పడ్డ కష్టానికే ఫలితం."

ఆ మాట మణిమాలకి నచ్చింది. అడ్డదారి అయితే వద్దనే అనుకుని వచ్చింది. ఇది అడ్డదారిలా అనిపించలేదు. గ్లాసులో పుల్లగా, చిక్కగా ఉన్న దాన్ని తాతారావు ఒక్క గుక్కలో తాగేసి మూతి తుడుచుకున్నాడు. ఆమె కూడా తాగింది. దాని పేరు ఆరోహ అని నిరుపమ చెప్పింది. ఎక్కడం గురించే ఆ రోజు అందరూ మాట్లాడారు.

*

నెల తిరక్కుండానే ఒళ్ళు లేచింది. ఏడాదిగా భుజం మీద మొండికేసిన బరువు ఇప్పుడు బడిపిల్ల పుస్తకాల సంచిలా అనిపించేది. అది తేలికవగానే ఇంకో ప్లేటు, అదీ తేలికవగానే మరొకటి. ఆకలి మాత్రం విపరీతం. అసిరమ్మ పొద్దున్నే పెద్ద గిన్నెడు చోడి అంబలి, డజను గుడ్లు ముందు పెట్టి, అవి అయ్యేలోపు చేపల పులుసుకి పొయ్యి వెలిగించేది.

ఇంట్లో వస్తువులు విరగడం మొదలైంది. కుళాయి తిప్పితే తల ఊడి చేతికొచ్చింది. కుక్కర్ మూత తీయబోతే పిడి విరిగొచ్చింది. సన్యాసిరావు ప్రతిదీ బాగుచేసుకుంటూ, "హార్బర్లో నా క్రేన్ పాడైతే నిన్ను తీసుకుపోతాన్లే" అని నవ్వేవాడు. కానీ పక్కింటి బాలింత పసిదాన్ని చేతికి అందించబోతే మణిమాల రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. ఎంత మెల్లగా పట్టుకోవాలో తన చేతులకి ఇంకా తెలుసో లేదో ఆమెకి నమ్మకం చిక్కలేదు.

కాకినాడలో జరిగిన రాష్ట్ర పోటీల్లో ఆమెకి మొదటి స్థానం వచ్చింది. ముందు వరసలో ఊర్ధ్వ డైరెక్టరు జగదీశ్వర్ కూర్చున్నాడు. ఆరోహ బజారులోకి వచ్చే రోజున ఆమె వేదిక మీద నిలబడాలని అక్కడికక్కడే ఒప్పందం చేసుకున్నాడు.

ఒక్కటే ఇబ్బంది. ఆదివారాలు గడవడం లేదు. బరువు ముట్టని రోజున మధ్యాహ్నానికల్లా తొడలు వణికేవి, గుండె కొట్టుకోవడంలో ఒకసారి తడబడి మళ్ళీ అందుకునేది. లేచి బార్‌బెల్ పట్టుకోగానే అంతా సర్దుకునేది. తనకి పట్టుదల పెరిగిందనుకుని ఆమె ఆదివారాలు కూడా జిమ్ము తలుపు తీయడం మొదలుపెట్టింది.

తాతారావుకి అలా తలుపు తీసుకునే వీలు లేకపోయింది. మేనకోడలి పెళ్ళికి సాలూరు వెళ్ళాడు. పెళ్ళి పెద్ద అతనే. పందిరి దగ్గర్నుంచి పెళ్ళికూతుర్ని సాగనంపేదాకా అక్కడే ఉండి, తిరిగొచ్చి బస్టాండు కాంప్లెక్సులో బస్సు దిగుతుంటే తొడ ఎముక విరిగింది. కాలు జారలేదు, ఎవరూ తొయ్యలేదు. కిందమెట్టు మీంచి నేల మీదికి అడుగేశాడు, అంతే.

ఆసుపత్రిలో కాలు కట్టి కదలకుండా పడుకోబెట్టారు. మణిమాల వెళ్ళేసరికి ఆ మనిషిని గుర్తుపట్టడం కష్టమైంది. జబ్బల మీద చర్మం వదులు చొక్కాలా వేలాడుతోంది.

"లోపలెవులో తింతన్నట్టున్నాదే" అన్నాడు. "ఆ డాక్టరుకి సెప్పు. ఏదో ఒక బరువు సేతికిమ్మని సెప్పు. పడుకుంటే పోతాను."

డాక్టరు వినలేదు. విరిగిన ఎముక అతకాలంటే విశ్రాంతి కావాలన్నాడు. అది అందరికీ తెలిసిన వైద్యమే. ఆ విశ్రాంతిలోనే తాతారావు చనిపోయాడు.

*

దినాలు కాకుండానే మణిమాల భీమిలి రోడ్డుకి వెళ్ళింది. నిరుపమ గదిలో కర్టెన్లు వేసి ఉన్నాయి. గోడ మీది తెరపై తాతారావు ఎముకల బొమ్మలు, చెదలు తిన్న చెక్కలా ఉన్నాయి.

"కూర్చోండి" అంది నిరుపమ. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి. "అంతరిక్షంలోకి వెళ్ళినవాళ్ళకి ఏమవుతుందో విన్నారా? అక్కడ బరువుండదు. కాళ్ళకి పని ఉండదు. ఈ కండ, ఈ ఎముక ఎందుకు దండగ అని ఒళ్ళే వాటిని కరిగించేస్తుంది. తాతారావు గారి ఒళ్ళు రోజూ ముగ్గురు మనుషుల బరువుకి అలవాటు పడింది. నడవడం, కూర్చోవడం, పెళ్ళి పనులు చేయడం, ఇవన్నీ దానికి గాల్లో తేలినట్టే. మంచం మీద పడుకోబెట్టేసరికి గుండె కండ కూడా కరిగింది."

"ముందు తెలీదా?"

"ఎలుకలకి బరువులు ఎప్పుడూ వేలాడుతూనే ఉంచాం. దించి చూడలేదు." ఆమె తల దించుకుంది. "చూడాల్సింది."

"నా సంగతి?"

"మీరు ఆయనకంటే ఎక్కువ ఎక్కారు."

అంతలో జగదీశ్వర్ లోపలికి వచ్చాడు. తెల్లచొక్కా, మెత్తని గొంతు. తాతారావు పోయినందుకు బాధపడ్డాడు. అది దొంగబాధలా కూడా లేదు. తర్వాత బల్ల మీద ఒక వెండిరంగు ప్యాకెట్టు పెట్టాడు.

"నిలకడ. రెండో మందు. రోజుకొకటి వేసుకుంటే కండ కరగదు, ఎముక కరగదు. మీకు జీవితాంతం మేమే ఇస్తాం."

"జీవితాంతం?"

"బీపీకి వేసుకోవడం లేదా జనం? అలాగే. ఒక చిన్న సాయం మీరూ చెయ్యాలి. తాతారావుకి పుట్టుకతోనే గుండెజబ్బు ఉందనీ, మా దగ్గర దాచాడనీ కెమెరా ముందు ఒక్క మాట చెప్పండి. మీరు చెప్తే జనం నమ్ముతారు."

మణిమాల ప్యాకెట్టుని ఒక వేలితో వెనక్కి తోసింది.

"తాతారావన్న గుండె మీద బండ పెట్టి కొడితే బండ పగిలింది, బాబూ. ఆ గుండెకి రోగమని నానెలాగ సెప్తాను?"

"ఆవేశపడకండి. ఇది వేసుకోకపోతే మీకూ అదే జరుగుతుంది."

"బరువు ఎత్తినంతకాలం జరగదు కదా. మేడమ్ సెప్పినారు."

"ఎంతకాలం ఎత్తుతారు? జ్వరం రాదా? ముసలితనం రాదా?"

"అదే నానూ ఆలోసిస్తన్నాను" అంది మణిమాల లేస్తూ.

"ఒప్పందం మర్చిపోకండి. ఆవిష్కరణ రోజు వేదిక మీదికి మీరు రావాలి. రాకపోతే కోర్టులో కలుస్తాం."

"వస్తాను" అందామె.

బయట కార్లు నిలిపేచోట నిరుపమ ఆమెని పరుగున వచ్చి కలుసుకుంది. ఎండలో ఇద్దరూ ఒక చిన్న షెడ్డు నీడకి జరిగారు.

"మేడమ్, ఎక్కిన ఒళ్ళుకి దిగడం రాదేటి?"

"ఈస్టుని చంపే మాత్రలున్నాయి. అది సులువు. కానీ ఒళ్ళు గుర్తుపెట్టుకున్న మట్టం అలాగే ఉంటుంది."

"దెబ్బ తగిలినోళ్ళకి మేం బరువు తగ్గించుకుంటా వస్తాం. కొంచెం కొంచెం, ఒళ్ళు బెదరకుండా."

నిరుపమ తల అడ్డంగా ఊపింది. "తొందరగా దిగితే ఎముక విరుగుతుంది. మరీ నెమ్మదిగా దిగితే ఇంత కండకి రక్తం తోడలేక గుండె అలిసిపోతుంది. మధ్యలో దారి ఉందో లేదో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు."

"లేదని కూడా ఎవులికీ తెలీదు కదా."

నిరుపమ ఆమె ముఖంలోకి చూసింది. తర్వాత వెనక్కి, తాను పన్నెండేళ్ళు పనిచేసిన భవనం వైపు చూసింది.

"రోజూ రక్తం పరీక్షించాలి. ఎముక కరిగితే రక్తంలో సున్నం పెరుగుతుంది. అది పెరిగిన రోజున ఆగుదాం, పెరగని రోజున ఒక అడుగు దిగుదాం. ఇక్కడ మాత్రం చెయ్యనివ్వరు."

"జాగా నాకున్నాది" అంది మణిమాల.

*

జిమ్ము తాళాలు తాతారావు భార్య బంగారమ్మ దగ్గర ఉన్నాయి. అడగ్గానే తీసి చేతిలో పెట్టింది.

"గుండెకి రోగమని పేపర్లో ఏసినారు" అందామె. "పాతికేళ్ళు ఆ గుండె మీద తల పెట్టుకుని పడుకున్నాను. నాకు తెలీదా? నువ్వు దిగి సూపించు. నానొచ్చి రోజూ కూకుంటాను."

నిరుపమ ఊర్ధ్వలో ఉద్యోగం వదిలేసి, గుండె పరీక్ష చేసే చిన్న యంత్రం ఒకటి, రక్తం పరీక్షించేది ఒకటి పట్టుకుని వచ్చింది. మాత్రలతో ఈస్టు చచ్చింది. ఆ తర్వాత బార్‌బెల్‌కి అటూ ఇటూ ఉన్న ప్లేట్లలోంచి అన్నిటికంటే చిన్నవాటిని తీశారు. గుప్పెట్లో ఇమిడే ప్లేటు. ఆ మాత్రానికే మర్నాడు మణిమాలకి ఒళ్ళంతా మంట పుట్టింది. కండలన్నీ ఆకలని ఒకేసారి అరిచినట్టు ఉండేది. నాలుగైదు రోజులకి మంట చల్లారేది. రక్తం చూసి నిరుపమ సరేననగానే మరో చిన్న ప్లేటు తీసేవాళ్ళు.

మంట కంటే కష్టమైనది అద్దం. భుజాల గుండ్రం తగ్గింది. వీపు మీద రెక్కల్లా విచ్చుకునే కండ ముడుచుకుంది. చర్మం ఆ వేగం అందుకోలేక మడతలు పడింది. ఒకరోజు జిమ్ము నుంచి వచ్చి ఆమె పెరట్లో గోడవైపు తిరిగి కూర్చుని ఏడ్చింది. సన్యాసిరావు పక్కన కూర్చున్నాడు.

"నాకు నువ్వు కావాల గానీ కండలెందుకే" అన్నాడు.

"అలాగనకు మావా." ఆమె కళ్ళు తుడుచుకుని అతనివైపు తిరిగింది. "ఈ కండలూ నానే. కష్టపడి కట్టుకున్నాను. ఆళ్ళ మందు కలిసినా కష్టం నాదే. దింపుతున్నది ఇష్టం నేక కాదు. ఆళ్ళ ప్యాకెట్టు మీద బతకడం ఇష్టం నేక."

సన్యాసిరావు ఇంకెప్పుడూ ఆ మాట అనలేదు. మర్నాటినుంచి డ్యూటీ దిగి నేరుగా జిమ్ముకి వచ్చి, ఆమె బార్‌బెల్ ఎత్తుతుంటే వెనక అండగా నిలబడడం మొదలుపెట్టాడు.

వానాకాలంలో జగదీశ్వర్ చెప్పినట్టే జ్వరం వచ్చింది. డెంగీ. కాళ్ళు నిలవక ఆసుపత్రిలో చేర్చారు. డ్యూటీ డాక్టరు కుర్రవాడు, మంచివాడు. కదలకుండా పడుకోవాలన్నాడు.

"పడుకుంటే మా ఇంటిది పోద్ది, డాక్టరుగారూ" అన్నాడు సన్యాసిరావు. జీవితంలో డాక్టరుకి ఎదురు చెప్పడం అతనికి అదే మొదటిసారి. "ఇదే ఊర్లో, ఇలాంటి మంచం మీదే మా తాతారావు పోనాడు."

నిరుపమ వచ్చి కాగితం మీద బొమ్మ గీసి వివరించింది. డాక్టరు సగం నమ్మాడు. ఆ సగం చాలింది. సన్యాసిరావు హార్బర్ నుంచి తాళ్ళు, కప్పీలు తెచ్చి మంచానికి బిగించాడు. ఒక్కో తాడుకి ఇసకమూట, రెండో కొసకి మణిమాల చేయో కాలో. పడుకునే లాగాలి, పడుకునే తొయ్యాలి. ఒళ్ళు కాలిపోతుంటే, కంటిముందు గది తిరుగుతుంటే, ఆమె తాడు లాగుతూనే ఉంది. నిద్రలోకి జారితే అసిరమ్మ బుగ్గ మీద తట్టేది.

"లాగవే అమ్మా. బేగి లాగీసి పడుకుందువు గాని."

"అయిపోనాదత్తా. నా వల్ల అవదు."

"అవుద్ది. నానుండగా ఎవులు తీసుకుపోతారు నిన్ను? లాగు."

లాగింది. జ్వరం తగ్గిన రోజున రక్తంలో సున్నం కొంచెమే ఎక్కువుంది. ఎముక విరగలేదు.

ఆ సంగతి పాకి, ఊర్ధ్వలో ఆమెతోపాటు మందు తాగిన మిగతావాళ్ళు ఒక్కొక్కరే జిమ్ము గుమ్మంలోకి వచ్చారు. అనకాపల్లి నుంచి ఒక కుస్తీ పహిల్వాను, పోలీసు ఉద్యోగానికి దేహదారుఢ్య పరీక్ష కోసం మందు తాగిన అక్కచెల్లెళ్ళు, ఇంకా కొందరు. అందరూ నిలవలేదు. పహిల్వాను మంట తట్టుకోలేక నిలకడ ప్యాకెట్టుకే వెళ్ళిపోయాడు. మణిమాల అతన్ని ఏమీ అనలేదు. వెళ్ళేటప్పుడు, "ఎప్పుడొచ్చినా తలుపు తీసుంటాది" అని మాత్రం అంది.

*

ఆరోహ ఆవిష్కరణ సముద్రం ఒడ్డున పెద్ద హాల్లో పెట్టారు. గుమ్మం నుంచి వేదికదాకా కాకినాడ నాటి మణిమాల వీపు బొమ్మలే. జబ్బలు బిగించి నిలబడ్డ ఆ బొమ్మ ఒక్కొక్కటి రెండు నిలువుల ఎత్తుంది.

తెర వెనక చిన్న గదిలో అసిరమ్మ కోడలి ఒంటికి పోటీల్లో పూసే గోధుమరంగు నూనె పూసింది. మడతల్లో కూడా రంగు అందేలా చర్మాన్ని సాగదీసి మరీ పూసింది. పని అయ్యాక చేతులు తుడుచుకుని, "బాగున్నావు" అంది.

జగదీశ్వర్ తలుపు తోసి లోపలికి వచ్చి ఆగిపోయాడు. ఇన్ని నెలలుగా ఆమె నిలకడ వేసుకోకపోయినా బరువులు ఎత్తుతూ అలాగే ఉంటుందనుకున్నాడు. కళ్ళ ముందున్న మనిషి ఆ బొమ్మల్లో సగం ఉంది.

"ఇదేంటి?"

"నానే" అంది మణిమాల.

"మీరు బయటికి వెళ్ళొద్దు. ఒంట్లో బాగాలేదని చెప్పేస్తాం."

"ఒంట్లో బాగానే ఉన్నాది. రాకపోతే కోర్టన్నారు కదా. వచ్చినాను."

అతను మరో మాట అనేలోపు ఆమె తెర దాటింది. సంగీతం మొదలైంది. వెలుగు ఆమె మీద పడగానే హాలంతా గుసగుసలు రేగాయి. ఎవరో నవ్వారు కూడా. మణిమాల వేదిక మధ్యకి వచ్చి, రెండు చేతులూ పైకెత్తి జబ్బలు బిగించింది. కండ లేచింది. మునుపటంత కాదు, తనది అయినంత. పక్కకి తిరిగి ఛాతీ చూపించింది. వెనక్కి తిరిగి వీపు విచ్చింది. వదులు చర్మం ముడతలతో సహా విచ్చింది. పోటీలో చేసినట్టే ఒక్క భంగిమ కూడా వదలకుండా, తొందరపడకుండా చేసింది. నవ్వినవాళ్ళు ఆగిపోయారు.

చివరి భంగిమ నుంచి దిగి మైకు అందుకుంది.

"ఆ బొమ్మలో ఉన్నది నానే. ఇక్కడ నిలబడ్డదీ నానే. ఆ బొమ్మలోలాగ అవ్వాలంటే ఈళ్ళ మందు తాగాల. తాగినాక ఒక్క రోజు కూకోడానికుండదు. కూకుంటే ఎముక కరిగిపోద్ది. మా గురువు తాతారావన్న మేనకోడలి పెళ్ళి సేసొచ్చి, బస్సు దిగుతా..."

మైకు ఆగిపోయింది. మణిమాల దాన్ని కింద పెట్టింది. జిమ్ములో పాటల హోరు మీంచి వెనక వరసకి వినబడేలా కేకేసి అలవాటున్న గొంతు ఆమెది. ఆ గొంతుతోనే మిగతాది చెప్పింది. బస్సు మెట్టు, ఆసుపత్రి మంచం, గుండెజబ్బని వేసిన అబద్ధం. కాపలావాళ్ళు ఇద్దరు వచ్చి జబ్బలు పట్టుకుని లాగారు. ఆమె కాళ్ళు వెడల్పు చేసి నిలబడింది. సగానికి దిగిన ఒంట్లో కూడా వాళ్ళిద్దరికీ కదలనంత బలం ఉంది. వాళ్ళు లాగుతూనే ఉన్నారు, ఆమె చెప్తూనే ఉంది.

ముందు వరస వెనక నుంచి బంగారమ్మ లేచి నిలబడింది. "నా మొగుడే" అంది. అంతకంటే మాట రాలేదు.

నిరుపమ వేదిక మెట్లెక్కి మణిమాల పక్కన నిలబడింది. "ఆరోహ కనిపెట్టింది నేను" అంది, వినబడేంత గట్టిగా. "ఈమె చెప్పిందంతా నిజం. దించి చూడకుండా మనుషులకి ఇచ్చింది కూడా నేనే."

*

ఆరోహ అమ్మకం ప్రభుత్వం ఆపేసింది. విచారణ మొదలైంది. విచారణ నిరుపమ మీద కూడా. ఆమె అడిగినదానికల్లా జవాబు చెప్పి వచ్చి, సాయంత్రం జిమ్ములో రక్తం పరీక్షలు చేసేది.

మందు తాగి గెలిచానని నలుగురిలో ఒప్పుకున్నందుకు పోటీలు జరిపే సంఘం మణిమాల పతకం వెనక్కి తీసుకుంది. కొన్నేళ్ళపాటు పోటీల్లో పాల్గొనకూడదంది. ఆమె పతకం తనే తీసుకెళ్ళి ఇచ్చేసింది. "కొన్నేళ్ళే కదా" అంది అక్కడి గుమాస్తాతో. గుండెలో ఒక గది కాస్త పెద్దదిగా మిగిలిపోయిందనీ, పెద్ద బరువుల జోలికి ఇక వెళ్ళకపోవడం మంచిదనీ నిరుపమ చెప్పినప్పుడు కూడా, "సూద్దాం మేడమ్" అనే అంది. నిరుపమ వాదించలేదు. ఆ గుండె గురించి చెప్పినవి అప్పటికే చాలా తప్పాయి.

చలికాలం చివర్లో బార్‌బెల్ మీద ప్లేట్లు అయిపోయాయి. ఖాళీ కడ్డీ మిగిలింది. తర్వాత అదీ పక్కన పెట్టారు.

"రేపు ఏమీ ఎత్తొద్దు. రోజంతా పడుకోండి" అంది నిరుపమ.

మణిమాలకి భయం వేసింది. కాకినాడ వేదిక మీదా, డెంగీ మంచం మీదా పడనంత భయం. పొద్దున్నే ముందుగదిలో చాప పరుచుకుని పడుకుంది. చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. తొడలు ఎప్పుడు వణుకుతాయా అని కాచుకుని ఉంది. వంటింట్లో అసిరమ్మ రొయ్యలు వేయిస్తోంది. మధ్యాహ్నం దాటింది. తొడలు వణకలేదు. గుండె తడబడలేదు. అన్నం తిని మళ్ళీ పడుకుని, సన్యాసిరావు ఏదో చెప్తుంటే మాట మధ్యలో నిద్రపోయింది.

సాయంత్రం నిరుపమ వచ్చి, నిద్రలోనే ఆమె వేలి కొస నుంచి రక్తం తీసింది. యంత్రం మీద అంకె వచ్చింది. సున్నం పెరగలేదు. నిరుపమ ఆ అంకెని సన్యాసిరావుకి చూపించి, గోడకి ఆనుకుని నేల మీద కూర్చుండిపోయింది.

అప్పుడే మణిమాల ఫోను మోగింది. సన్యాసిరావు గబగబా తీసి వీధరుగు మీదికి వచ్చాడు. అవతల ఊర్ధ్వ తరఫు లాయరు. మణిమాల గారు కోలుకోవడంలో సంస్థ సాయం కూడా ఉందని ఒక్క మాట చెప్తే వ్యవహారం సామరస్యంగా ముగించుకోవచ్చనీ, డైరెక్టరు గారు ఇప్పుడే మాట్లాడాలనుకుంటున్నారనీ చెప్పాడు.

"అలాటి మాట అది సెప్పదు" అన్నాడు సన్యాసిరావు.

"ఆ ముక్క ఆమెనే చెప్పనివ్వండి. ఒకసారి ఫోనివ్వండి."

సన్యాసిరావు గుమ్మంలోంచి లోపలికి చూశాడు. మణిమాల పక్కకి తిరిగి, ఒక చేయి తల కింద పెట్టుకుని, నోరు కొద్దిగా తెరిచి గాఢంగా నిద్రపోతోంది.

"మా ఇంటిది పడుకున్నాదండి."

"అర్జెంటు. లేపండి."

"లేపను" అన్నాడు సన్యాసిరావు.

"పోనీ ఎప్పుడు లేస్తారు?"

"దానికి లేవాలనిపించినప్పుడు" అని, అతను ఫోను కట్టేసి జేబులో పెట్టుకుని, చప్పుడు కాకుండా తలుపు దగ్గరగా వేశాడు.